మా నౌపడా రైలూ, పెదనాన్న మల్టీమీటరూ

ముందే చెప్పేస్తున్నా, ఇది బొమ్మ రైలు గురించి. ఇరవై ఎనిమిదేళ్ళ వాడికి బొమ్మ రైలేంటి అని మా అమ్మ రోజుకోసారి అడుగుతూనే ఉంది కాబట్టి మీరు మళ్ళీ అడగక్కర్లేదు :)

నౌపడా - గుణుపురం చిన్న రైలు తెలుసుగా? మా శ్రీకాకుళం జిల్లాలో, ఉప్పు మళ్ళ పక్కనుంచి బయల్దేరి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, అక్కణ్ణించి గుణుపురం దాకా పోయేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో మొదలైంది, గుణుపురం దాకా పొడిగించింది 1931కి. రెండున్నర అడుగుల గేజి. 2004 జూన్‌లో ఆఖరి బండి నడిపేసి, పట్టాలు పీకేసి పెద్ద లైను వేశారు. ఆపేసే ముందు ఏడాది అనుకుంటా, అమ్మమ్మగారి ఊరు పాతపట్నం వెళ్ళడానికి ఒక్కసారి ఎక్కాను. అప్పటికి ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్ వచ్చేసింది. గుర్తున్నదల్లా కిటికీలోంచి చెయ్యి చాపితే జీడిమామిడి ఆకు అందడం, నౌపడాలో ఇంజను బోగీల్ని వదిలేసి పక్క పట్టా మీదుగా తిరిగొచ్చి రెండో చివర తగులుకోవడం. "అదెలా వెళ్ళింది?" అని ఏడిపించేశానట.

ఆ తిరిగి రావడమే నాకు కావాల్సింది. విజయనగరంలో మా ఇంటి మేడమీద గదిలో, ఎనిమిదడుగుల ప్లైవుడ్ చెక్క మీద నౌపడా చిన్న రైలు స్టేషన్ కడుతున్నాను. 1:87 స్కేలు. 762 మిల్లీమీటర్ల గేజిని 87తో భాగిస్తే 8.76 వస్తుంది, బజార్లో దొరికే 9 మిల్లీమీటర్ల ట్రాక్ దాదాపు సరిపోతుంది. (మన పెద్ద లైనుకి ఆ అదృష్టం లేదు. 1676ని భాగిస్తే 19 చిల్లర. దొరికేది 16.5. అందుకే మన పెద్ద లైన్ల మోడల్స్ అన్నీ కాస్త నడుం సన్నంగా ఉంటాయి.) నా స్టేషన్‌లో ఒక ప్లాట్‌ఫారం లైను, దాని పక్కన ఇంజను తిరిగి రావడానికి ఒక లూప్, లూప్‌కి రెండు చివరలా రెండు పాయింట్లు. ఒకటి టెక్కలి వైపు, ఇంకోటి డెడ్ ఎండ్ వైపు. అంతే. ఇంత చిన్నదాంట్లో తప్పులు ఎక్కడ జరుగుతాయిలే అనుకున్నా.

పాయింటు సంగతి రెండు ముక్కల్లో చెప్తా, లేకపోతే మిగతాది అర్థం కాదు. మోడల్ రైల్లో కరెంటు పట్టాల్లోనే ఉంటుంది. ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్, ఇంజను చక్రాల్లోంచి తీసుకుంటుంది. పాయింటు దగ్గర ఈ దారి ఎడమ పట్టా, ఆ దారి కుడి పట్టా ఒకదాన్నొకటి దాటతాయి. ఆ దాటే చోట ఉండే ముక్కని ఫ్రాగ్ అంటారు. తిన్నగా వెళ్ళేటప్పుడు దానికి ఒక పోలారిటీ కావాలి, పక్కకి తిరిగేటప్పుడు రెండోది. కాబట్టి పాయింటు కదిలినప్పుడల్లా ఫ్రాగ్‌కి కరెంటు కూడా మారాలి. దానికి కింద ఒక చిన్న స్విచ్. పాయింటుని కదిపే బారు ఆ స్విచ్‌ని కూడా నొక్కుతుంది. స్విచ్ మారకపోతే, ఇంజను చక్రం ఫ్రాగ్ ఎక్కగానే ప్లస్సూ మైనస్సూ కలిసిపోయి షార్ట్. కంట్రోలర్ "టక్" మని ఎర్ర దీపం వెలిగించి మూతి ముడుచుకుంటుంది.

నాకు సరిగ్గా అదే జరిగింది. టెక్కలి వైపు పాయింటు దగ్గర. రోజూ కాదు, పదిసార్లకి రెండుసార్లు. ఇంజను బోగీల్ని వదిలి ముందుకెళ్ళి, లూప్ బటన్ నొక్కగానే రెండు పాయింట్లూ ఒకేసారి తిరిగి, ఇంజను లూప్ మీదుగా ఠీవిగా వచ్చి... టెక్కలి పాయింటు ఫ్రాగ్ మీద టక్. ప్యానెల్ మీద చూస్తే లూప్ దీపం పచ్చగా నవ్వుతూ ఉంది.

పాయింట్లని కదిపేది చిన్న సర్వో మోటార్లు, వాటిని నడిపేది ఆర్డుయినో, దాంట్లో కోడ్ నాది. సాఫ్ట్‌వేర్ వాడికి ముందు కోడ్ మీదే అనుమానం వస్తుంది కదా. మూడు రాత్రుళ్ళు కోడ్ తిరగరాశా. బటన్‌కి డీబౌన్స్ పెట్టా. సర్వో నెమ్మదిగా తిరిగేట్టు చేశా. రెండు మోటార్లూ ఒకేసారి కరెంటు లాగడం వల్లేమో అని ఒకదాని తర్వాత ఒకటి కదిపా. పదికి రెండు అలాగే ఉంది. తర్వాత చెక్క కిందకి దూరి టెక్కలి పాయింటు స్విచ్ మార్చా, సోల్డర్ మళ్ళీ వేశా, పట్టాలు స్పిరిట్ పెట్టి తుడిచా. మల్టీమీటర్‌తో చూసినప్పుడల్లా ఫ్రాగ్ దగ్గర వోల్టేజి సరిగ్గానే ఉంది. చూడనప్పుడు తప్పుతోంది. ఆఫీసులో టెస్టర్లు "మా దగ్గర వస్తోంది" అంటే మేం "మా దగ్గర రావట్లేదే" అని చేతులెత్తేస్తామే, ఇప్పుడు రెండు పాత్రలూ నేనే.

ఇంతలో సంక్రాంతి వచ్చింది. పిల్లలందరూ వస్తారు, మేడమీద రైలుందని ముందే డప్పు కొట్టేశాను. భోగి ముందురోజు రాత్రి ఒంటిగంటకి, టెక్కలి పాయింటు ఫ్రాగ్‌కి స్విచ్ నుంచి వచ్చే తీగ పీకేసి, తిన్నగా వెళ్ళే దారికి కావాల్సిన పట్టాకి నేరుగా ఒక జంపర్ వేసేశాను. లూప్ వాడకపోతే చాలు. బండి టెక్కలి వైపు నుంచి వస్తుంది, ఆగుతుంది, వెనక్కి నెట్టుకుంటూ పోతుంది. పిల్లలకి అదే బ్రహ్మానందం. పండగ దాటాక తీరిగ్గా చూసుకోవచ్చు అనుకున్నా.

కనుమ నాడు సాయంత్రం పెదనాన్న మేడెక్కాడు.

పెదనాన్న రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా చేసి రిటైరయ్యాడు, అప్పటి వాల్తేరు డివిజన్‌లో. ఈ లైను మీద చిన్న స్టేషన్లలోనే సర్వీసంతా గడిచింది. మోకాళ్ళ నొప్పి, మేడ ఎక్కడు. ఆరోజు పిల్లలు లాక్కొచ్చారు. కుర్చీలో కూర్చుని బండి రెండుసార్లు అటూ ఇటూ పోవడం చూశాడు. "ఇంజను రౌండ్ కొట్టదేట్రా?" అన్నాడు. నౌపడా ఆయన చూసిన స్టేషనే మరి. "చిన్న ప్రాబ్లం ఉంది పెదనాన్నా, తాత్కాలికంగా జంపర్ వేశా" అన్నా. ఈలోగా మా అక్క కొడుకు లూప్ బటన్ నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది.

పెదనాన్న ఆ దీపం వైపు చూసి, "జంపరు తీసీసినావా మరి?" అన్నాడు.

"లేదు."

"మరి ఈ దీపం దేన్ని సూసి ఎలుగుతంది?"

చెప్పాను. బటన్ నొక్కితే కోడ్‌లో ఒక వేరియబుల్ మారుతుంది, దాన్ని బట్టి సర్వోకి ఆర్డర్ పోతుంది, దాన్ని బట్టే దీపం కూడా వెలుగుతుంది.

"అంటే నువ్వు సెప్పినావని ఎలుగుతంది. అది కదిలిందని కాదు."

"అవును గానీ..."

"జంపరేసినట్టు ఎక్కడ రాసినావు?"

నేను నవ్వాను. బొమ్మ రైలుకి రాయడమేంటి పెదనాన్నా అన్నాను. ఆయన నవ్వలేదు. మొహం ఎర్రబడింది. పిల్లల ముందే "తియ్. ముందు అది తియ్. సూడనోడు బటన్ నొక్కితే ఏటవుద్ది?" అని అరిచాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి వినడం. పిల్లలు బిక్కమొహాలేసి కిందకి దిగిపోయారు. నాకు ఒళ్ళు మండింది, నిజం చెప్పొద్దూ. తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాల మీద ఎవరు చచ్చిపోతారని?

రాత్రి భోజనాల దగ్గర పెద్దమ్మ మెల్లిగా చెప్పింది. "బహనగా అయినకాణ్ణించి అంతేరా. జంపరు మాటెత్తితే ఒల్లు తెలీదు."

బహనగా బజార్ గుర్తుండే ఉంటుంది అందరికీ. ఒడిశా, బాలేశ్వర్ దగ్గర. 2023 జూన్ 2 సాయంత్రం ఏడు కావస్తుండగా, షాలిమార్ నుంచి చెన్నై వెళ్ళే కోరమండల్. తెల్లారేలోగా పలాస, ఆమదాలవలస, విజయనగరం మీదుగా వెళ్ళాల్సిన బండి. మెయిన్ లైనుకి ఆకుపచ్చ సిగ్నల్ ఉంది. పాయింట్లు మాత్రం, 17ఎ/బి క్రాసోవర్, లూప్ వైపు తిరిగి ఉన్నాయి. గంటకి 130 కిలోమీటర్ల దరిదాపు వేగంతో వచ్చిన బండి లూప్‌లో ఆగి ఉన్న గూడ్స్‌ని గుద్దింది. చెల్లాచెదురైన బోగీలకి పక్క లైన్లో వస్తున్న బెంగళూరు - హౌరా బండి తగిలింది. 290 మందికి పైగా పోయారు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది, ఆ జులైలోనే ప్రభుత్వం రాజ్యసభలో చెప్పింది కూడా. స్టేషన్ ఉత్తరం వైపు సిగ్నల్ గుమ్టీలో గతంలో చేసిన సర్క్యూట్ మార్పుల్లో లోపాలు, ప్రమాదం రోజున 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు బారియర్ మార్పిడి పనిలో లోపాలు. తీగల మీద పేర్లు ఏళ్ళ తరబడి తప్పుగా ఉన్నా ఎవరి కంటా పడలేదని విచారణ నివేదికలో ఉంది. పాయింటు ఎటుందో చూసి సిగ్నల్ ఇవ్వాల్సిన సర్క్యూట్ అక్కడ చూడాల్సిన చోటు చూడలేదన్నమాట.

ఆ అక్టోబర్ 29న మా జిల్లాలోనే కంటకాపల్లి - ఆలమండ మధ్య రాయగడ పాసింజరు, పలాస పాసింజర్ని వెనకనుంచి గుద్దింది. అది పాయింట్ల సంగతి కాదు, వేరే కథ. కానీ పెదనాన్నకి ఆ ఏడాది టీవీ పెట్టడమంటే భయం పట్టుకుందిట.

పెద్దమ్మ చెప్పిన ఇంకో సంగతి నాకు అసలు తెలీనిది. పెదనాన్నకి ఒక ఇంక్రిమెంట్ ఆగిపోయిందని, "మొండితనం వల్ల" అని చిన్నప్పటినుంచీ ఇంట్లో వింటూనే ఉన్నా. జరిగింది ఇది. ఏదో ఒక స్టేషన్, పేరెందుకులెండి. పాయింట్ మెషిన్ మార్చారు. సిగ్నల్ వాళ్ళు పని మొదలెట్టే ముందు స్టేషన్ మాస్టర్‌కి డిస్‌కనెక్షన్ మెమో ఇస్తారు, పని అయ్యి పరీక్షలన్నీ అయ్యాక రీకనెక్షన్ మెమో. ఆ మెమో మీద సంతకం పడ్డాకే ఆ పాయింటు మీదుగా మామూలుగా బళ్ళు వదులుతారు. బళ్ళు లేటవుతున్నాయి, మెమో ఇచ్చెయ్, మిగతా టెస్టింగ్ తర్వాత చేసుకో అని పైవాడు ఒకడు. ఇవ్వనన్నాడు పెదనాన్న. నలభై నిముషాలు. ఛార్జిషీటు. ఆ నలభై నిముషాల్లో ఏమైనా తప్పు దొరికిందా అని అడిగాను. "ఏటీ లేదు, అంతా బానే ఉన్నాదట" అంది పెద్దమ్మ. అందుకే ఇంట్లో అందరికీ అది మొండితనంగానే మిగిలిపోయింది.

నాకా రాత్రి నిద్ర పట్టలేదు. కిందటేడు ఆఫీసులో ఒక రిలీజ్ రోజు, ఫెయిలవుతున్న ఒక చెక్‌ని కామెంట్ చేసేసి "తర్వాత చూద్దాం" అని పంపేసింది నేనే. పని చేసింది కూడా. అందరూ మెచ్చుకున్నారు.

పొద్దున్నే పెదనాన్నని బతిమాలి మళ్ళీ మేడెక్కించాను. జంపర్ తీసేసి, పీకిన తీగ మళ్ళీ పెట్టేశా. "కరస్పాండెన్స్ టెస్ట్ సేద్దాం" అన్నాడు. అసలు రైల్వేలో ఎలా చేస్తారంటే ఒకడు ప్యానెల్ దగ్గర, ఒకడు పాయింటు దగ్గర, మధ్యలో ఫోను. ప్యానెల్ వాడు పాయింటు తిప్పుతాడు. ప్యానెల్ మీద కనపడేదీ, నేల మీద ఉన్నదీ ఒకటేనా అని ఒక్కో పాయింటుకీ ఒక్కో వైపుకీ అడిగి చెప్పుకుంటారు. అక్కడ పాయింట్ మెషిన్‌లో మోటార్ వేరు, డిటెక్షన్ వేరు. టంగ్ రైలు నిజంగా వెళ్ళి స్టాక్ రైలుకి అతుక్కుని, లాక్ పడితేనే డిటెక్షన్ కాంటాక్టులు కలుస్తాయి. నార్మల్‌కి ఒక రిలే, రివర్స్‌కి ఒక రిలే. ఆ రిలే లేస్తేనే సిగ్నల్ దారి దొరుకుతుంది. మధ్యలో 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి తిప్పి చూస్తారు. లాక్ పడకూడదు, డిటెక్షన్ రాకూడదు. వస్తే ఆ పాయింటు పనికిరాదు.

నా రెండు పాయింట్లకీ ఒకటే బటన్ కదా, "ఒక్కోటీ వేరేగా తిప్పు" అన్నాడు. కోడ్‌లో ఒక్క లైను మార్చాను. టెక్కలి పాయింటు ఒక్కదాన్నే తిప్పాను. ఆయన మల్టీమీటర్ ఒక కొస చెక్క కింద ఆ పాయింటు స్విచ్ మీదే పెట్టమని నాకిచ్చి, రెండో కొస పైన ఫ్రాగ్ మీద తను పెట్టాడు. నేను ఇన్నాళ్ళూ మధ్యలో ఉన్న టెర్మినల్ స్ట్రిప్ నుంచి ఫ్రాగ్ దాకానే చూశా. ఆయన ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు. బీప్ లేదు.

"ఇటు పెట్టు" అని ఆయన కొసని ఎనిమిదడుగుల చెక్క అవతలకి, డెడ్ ఎండ్ పాయింటు ఫ్రాగ్ మీదకి మార్చాడు. బీఈఈప్.

తీగలు తారుమారు. టెక్కలి స్విచ్ డెడ్ ఎండ్ ఫ్రాగ్‌కీ, డెడ్ ఎండ్ స్విచ్ టెక్కలి ఫ్రాగ్‌కీ వెళ్తున్నాయి. రెండూ పచ్చ తీగలే (ఎర్రవి అయిపోయాయి అప్పట్లో). లేబుల్స్ నేనే రాశాను, చెక్క కింద వెల్లకిలా పడుకుని. పైనుంచి చూసినప్పుడు కుడి వైపున్నది కింద పడుకుంటే ఎడమ వైపుకి వస్తుంది! రెండు పాయింట్లూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, రెండింటికీ కావాల్సిన పోలారిటీ ఒకటే, కాబట్టి ఆరు నెలలు ఏమీ తెలియలేదు.

మరి పదికి రెండుసార్లే ఎందుకు? దానికీ ఆయనే. డెడ్ ఎండ్ పాయింటు పదిసార్లు తిప్పించి, కళ్ళజోడు పైకెత్తి, దాదాపు ముక్కు ఆనించి చూశాడు. ఏడోసారికి "ఆగు" అన్నాడు. కంకర. బాలాస్ట్ కోసం నేను జల్లించి జిగురుతో అతికించిన ఇసుకలోంచి ఒక గింజ ఊడి, టంగ్ రైలుకీ స్టాక్ రైలుకీ మధ్యకి దొర్లుతోంది. అది ఉన్నప్పుడు పాయింటు అర మిల్లీమీటరు తక్కువ కదులుతుంది. ఇంజను కాస్త కుదుపుతో దాటేస్తుంది, కానీ కింద స్విచ్ మాత్రం మారదు. ఆ స్విచ్ నడిపేది ఎవర్ని? తారుమారు వల్ల టెక్కలి ఫ్రాగ్‌ని. అంటే జబ్బున్న పాయింటు మీదుగా ఇంజను సుబ్బరంగా వచ్చి, ఏ జబ్బూ లేని పాయింటు మీద పడిపోతోంది. నేను మూడు వారాలు ఆరోగ్యంగా ఉన్నవాడికి ఆపరేషన్ చేశానన్నమాట. ఆ కుదుపు నేను రోజూ చూస్తూనే ఉన్నా, అసలు చిన్న రైలు కూడా అలాగే ఊగేది కదా అని మురిసిపోయా.

మిగతాది తొందరగా చెప్పేస్తా. తీగలు సరిచేశాం. స్విచ్‌లు తీసేసి రెండు జతల కాంటాక్టులున్నవి వేశాను. ఒక జత ఫ్రాగ్‌కి, రెండోది ఆర్డుయినోకి. ఇప్పుడు దీపం ఆర్డర్‌ని చూసి వెలగదు. రెండు పాయింట్ల నుంచీ కదిలామని కబురొస్తేనే పచ్చ. రెండు సెకన్లలో రాకపోతే ఎర్ర దీపం, ట్రాక్‌కి కరెంటు కట్. టంగ్ రైలు పరీక్షకి 5 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే కాగితం కన్నా పల్చన, అంత పని నా పాయింట్లకి చేతకాదు. పెదనాన్న కింద నుంచి ఎవరిదో శుభలేఖ తెప్పించి, సన్నగా ఒక ముక్క కత్తిరించి, "ఇదే నీ టెస్ట్ పీసు" అన్నాడు. డెడ్ ఎండ్ పాయింటు మూడోసారికి పాసయ్యింది. లేబుల్స్ మొత్తం పీకేసి, చెక్క పైనుంచి చూస్తూ నేను చదువుతుంటే ఆయనే రాశాడు. చెయ్యి కొంచెం వణుకుతోంది, అక్షరం మాత్రం గుండ్రంగా ఉంది.

ఒక నోటుబుక్ తెమ్మన్నాడు. మొదటి పేజీలో నాచేత డిస్‌కనెక్షన్ రాయించాడు, ఏ పాయింటు, ఎందుకు, ఎన్నింటికి. భోగి ముందురోజు రాత్రి వేసిన జంపర్ కూడా రాయించాడు, ఆలస్యంగానైనా. రాత్రి దాకా ఇంజనుని ఇరవైసార్లు రౌండ్ కొట్టించి, ఇరవయ్యోసారి బోగీలకి తగులుకున్నాక బుక్కు తీసుకుని రీకనెక్షన్ కింద సంతకం పెట్టాడు. పేరు కింద పాత హోదా కూడా రాసుకున్నాడు. నేను బుక్కు మూసేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"టైము ఎయ్యలేదు. టైము ఎయ్యి."

22.34 అని వేశాను.